పేరు ముందుగా తెలియనప్పుడు

2014 జూన్ 1న దుబ్బాక మండలం ఆంధ్రప్రదేశ్ రాష్ట్రంలో, మెదక్ జిల్లాలో ఉంది. తెల్లవారేసరికి రాష్ట్రం తెలంగాణ అయింది. 2016 అక్టోబరు 11న, దసరా రోజు, తెలంగాణలోని 10 జిల్లాలు 31 అయ్యాయి. పాత మెదక్ జిల్లా మెదక్, సంగారెడ్డి, సిద్దిపేటలుగా విడిపోయింది. దుబ్బాక సిద్దిపేటకు వచ్చింది. ఊళ్లో తిరిగే బండ్ల నంబరు పలకలు చూసినా ఈ కథంతా తెలుస్తుంది. ఉమ్మడి రాష్ట్రంలో కొన్న బండికి ఏపీ 23, తెలంగాణ వచ్చాక కొన్నదానికి టీఎస్ 15, సిద్దిపేట జిల్లా అయ్యాక టీఎస్ 36, 2024 మార్చి తరువాత టీజీ 36. పదేళ్లలో ఇన్ని మారాయి. ఊరు మాత్రం ఉన్నచోటనే ఉంది.

ఒక వస్తువు తాను తానుగా ఉండగానే దాని గురించి మనం చెప్పే సంగతులు మారుతుంటాయి. కొత్తవి చేరతాయి, కొన్ని రాలిపోతాయి. కంప్యూటరు భాషల్లో ఈ వస్తువును ఆబ్జెక్టు అంటారు. దాని గురించిన సంగతిని యాట్రిబ్యూట్ అంటారు. ఈ పుస్తకంలో దాన్ని లక్షణం అనే పిలుస్తున్నాం. ప్రోగ్రాము రాసేనాటికి పేరు కూడా తెలియని ఒక లక్షణాన్ని, ఆ ప్రోగ్రాము నడుస్తుండగా ఆబ్జెక్టుకు ఎలా తగిలించాలి? పైథాన్ భాషలో దీనికి చక్కని జవాబుంది. ఆ జవాబును ఎక్కడ వాడాలో, ఎక్కడ వాడకూడదో తెలుసుకోవడం దాన్ని నేర్చుకోవడం కన్నా కష్టం.

ముందుగా ఒక మంచి వార్త. 2008 డిసెంబరులో వచ్చిన పైథాన్ 3.0 నుంచి పేర్లను ఇంగ్లిషు అక్షరాల్లోనే రాయాలన్న నిర్బంధం పోయింది. జర్మనీకి చెందిన మార్టిన్ ఫాన్ లోవిస్ 2007లో చేసిన ప్రతిపాదన దీనికి ఆధారం. అందువల్ల కింది వరుసలు ఉన్నవి ఉన్నట్టుగా నిజమైన పైథాన్ వరుసలే. మండలం అనే క్లాసును, అంటే ఆబ్జెక్టులను తయారు చేసే అచ్చును, లోపల ఏమీ రాయకుండా ఖాళీగా తయారు చేసుకున్నామనుకోండి. ఆ తరువాత:

దుబ్బాక = మండలం()
దుబ్బాక.రాష్ట్రం = "తెలంగాణ"
దుబ్బాక.జిల్లా = "మెదక్"

మన పిల్లలు ప్రోగ్రామింగు మొదలుపెట్టేటప్పుడు ఈ సంగతి ఎవరూ చెప్పరు. చెప్పాలి. జిల్లా అన్న మాట కళ్లెదుట కనిపిస్తుంటే ఆబ్జెక్టు అంటే ఏమిటో సగం అక్కడే అర్థమవుతుంది.

మండలం క్లాసులో జిల్లా అన్న మాటే లేదు. అయినా మూడో వరుస తప్పు కాలేదు. జావా, సీ ప్లస్ ప్లస్ లాంటి భాషల్లో ఇది కుదరదు. ఏ లక్షణాలు ఉంటాయో అక్కడ క్లాసులోనే ముందుగా ప్రకటించాలి. నెదర్లాండ్స్‌లోని ఆమ్‌స్టర్‌డామ్‌లో 1989 క్రిస్మస్ సెలవుల్లో గీడో వాన్ రోసమ్ మొదలుపెట్టిన పైథాన్ వేరే దారి పట్టింది. ఇందులో మనం తయారు చేసే మామూలు ఆబ్జెక్టు ఒక్కోదాని లోపల ఒక పట్టిక ఉంటుంది. పైథాన్ దాన్ని డిక్షనరీ అంటుంది. ఎడమవైపు పేర్లు, కుడివైపు విలువలు. చుక్క పెట్టి జిల్లా అని రాసినప్పుడు పైథాన్ ఆ పట్టికలో "జిల్లా" అనే అక్షరాల వరుసను వెతుకుతుంది. ఉంటే విలువ మారుస్తుంది, లేకుంటే కొత్త గడి చేరుస్తుంది. మనకు పేరుగా కనిపించేది లోపల మామూలు పాఠ్యమే.

ఈ ఒక్క సంగతి పట్టుబడితే మిగతాదంతా దాని వెంటే వస్తుంది. పేరు కూడా పాఠ్యమే అయినప్పుడు దాన్ని ఫైలులోంచి చదవవచ్చు, వాడేవారిని అడిగి తెలుసుకోవచ్చు, మరో ప్రోగ్రాము నుంచి అందుకోవచ్చు. అలా చేతికొచ్చిన పేరుతో లక్షణం పెట్టడానికి పైథాన్‌లో సెట్‌యాట్ర్ అనే సాధనం ఉంది. ఎస్, ఈ, టీ, ఏ, టీ, టీ, ఆర్ అనే ఏడు రోమన్ అక్షరాలతో దాన్ని రాయాలి. అయితే పైథాన్‌లో ఇలాంటి సాధనానికి ఇంకో పేరు పెట్టుకోవడం ఒక్క వరుస పని. దానికి పెట్టు అని, చదివి చూపే గెట్‌యాట్ర్‌కు చూడు అని పేర్లు ఇచ్చుకుంటే ఇలా రాయవచ్చు:

పెట్టు(దుబ్బాక, "జిల్లా", "సిద్దిపేట")
చూడు(దుబ్బాక, "జిల్లా")
చూడు(దుబ్బాక, "నియోజకవర్గం", "తెలియదు")

ఏ ఆబ్జెక్టుకు, ఏ పేరుతో, ఏ విలువ: మూడూ ఇస్తే చాలు. మూడో వరుసలో చివరి మాట, ఆ లక్షణం లేకపోతే ఇవ్వాల్సిన జవాబు. అది ఇవ్వకపోతే లేని లక్షణాన్ని అడిగినప్పుడు పైథాన్ యాట్రిబ్యూట్ ఎర్రర్ చూపి ఆగిపోతుంది. లక్షణాన్ని తీసేయడానికి డెల్‌యాట్ర్ అనే మూడో సాధనం ఉంది. దాని అవసరమూ దుబ్బాకలో దొరుకుతుంది. ఒకప్పుడు గ్రామ పంచాయతీగా ఉన్న ఊరు ఇప్పుడు పురపాలక సంఘం. వార్డులు, కమిషనర్ అనే కొత్త లక్షణాలు వచ్చాయి. సర్పంచ్ అనే లక్షణం పోయింది. దానికి ఖాళీ విలువ ఇచ్చి ఊరుకోవడం సరికాదు. పదవి ఖాళీగా ఉండటం వేరు, ఆ పదవే లేకపోవడం వేరు. ఆ తేడాను పైథాన్ చెప్పగలదు.

ఇప్పుడు అసలు ప్రశ్న. చుక్క పెట్టి నేరుగా రాయగలిగినప్పుడు ఈ సాధనం ఎందుకు?

ఒక చేనేత సహకార సంఘం సరుకు పుస్తకాన్ని తీసుకోండి. దుబ్బాక నేతగాళ్ల ఊరు. భౌగోళిక గుర్తింపు పొందిన సిద్దిపేట గొల్లభామ చీర ఈ ప్రాంతానిదే. పుస్తకంలో చీరలుంటాయి, తువ్వాళ్లుంటాయి, లుంగీలుంటాయి. చీరకు నూలు కౌంటు, రంగు, అంచు, కొంగు, కొంగు మీద బొమ్మ రాస్తారు. తువ్వాలుకు కొంగు ఉండదు. వచ్చే ఏడాది ఎవరో సహజ రంగులతో నేస్తే "రంగు దేనితో" అని కొత్త గడి గీస్తారు. ఈ పుస్తకాన్ని కంప్యూటరులోకి ఎక్కించిన ఫైలులో మొదటి వరుస గడుల పేర్లు, తరువాతి వరుసల్లో విలువలు ఉంటాయి. ప్రోగ్రాము రాసినవారికి ఆ పేర్లు ముందుగా తెలియవు. అందుకని ప్రోగ్రాము మొదటి వరుస చదివి, ఒక్కో సరుకుకు ఒక్కో ఆబ్జెక్టు తయారు చేసి, నిండి ఉన్న గడి ఒక్కోదానికి పెట్టు అని పిలుస్తూ పోతుంది. కొద్ది వరుసల పని. ఏడాది తరువాత గడి పెరిగినా ప్రోగ్రాము మార్చనక్కరలేదు.

ఇంతవరకు బాగుంది. నా అభిప్రాయం మాత్రం ఇది: సెట్‌యాట్ర్ వాడిన చోట్ల చాలావాటికి అది అక్కరలేదు. బయటి నుంచి వచ్చిన పేర్లను దాచుకోవడమే పనైతే మామూలు డిక్షనరీ చాలు. మనల్ని మనం వేసుకోవాల్సిన ప్రశ్న ఒకటుంది. ఈ పేరును నేను గానీ, మరొకరు గానీ ప్రోగ్రాములో ఎక్కడైనా చుక్క తరువాత రాయబోతున్నామా? రాయబోతే, అంటే ఇంకోచోట సరుకు.రంగు అని వాడబోతుంటే, సెట్‌యాట్ర్ సరైనదే. ఎప్పటికీ రాయకపోతే ఆ పేరు లక్షణం కాదు, ఫైలులోని సమాచారంలో ఒక భాగం. దాని చోటు డిక్షనరీలో. కొత్తగా నేర్చుకునేవారు తరచుగా ఊరు1, ఊరు2, ఊరు3 అని వరుస సంఖ్యలతో పేర్లు పుట్టించడానికి ఈ సాధనం వాడతారు. అది పూర్తిగా పెడదారి. వరుసలో ఉన్నవాటి కోసం లిస్టు ఉంది.

క్లాసుకూ లక్షణాలుంటాయన్నది మరవకూడదు. ఆబ్జెక్టును ఏదైనా అడిగితే పైథాన్ మొదట ఆ ఆబ్జెక్టు సొంత పట్టికలో చూస్తుంది. అక్కడ దొరక్కపోతే క్లాసులో చూస్తుంది. (ప్రాపర్టీ లాంటి కొన్ని ప్రత్యేక ఏర్పాట్లు ఉంటే క్లాసుదే ముందు మాట, అవి లేనప్పటి సంగతి ఇది.) రాష్ట్రం అనే లక్షణాన్ని ఒక్కో మండలానికి విడివిడిగా రాసిపెట్టకుండా క్లాసు దగ్గరే ఒకసారి ఉంచామనుకోండి. మన ప్రోగ్రాములో తెలంగాణ జిల్లాల మండలాలే ఉన్నాయి. 2014 జూన్ 2 ఉదయం చేయాల్సిన మార్పు ఇంతే:

మండలం.రాష్ట్రం = "తెలంగాణ"

ఒక్క వరుసతో దుబ్బాక, గజ్వేల్, హుస్నాబాద్, చేర్యాల అన్నీ తెలంగాణ అని జవాబిస్తాయి. ఒక్కోదాని దగ్గరికీ వెళ్లి మార్చిన పని లేదు.

అయితే అదే 2014లో పోలవరం ప్రాజెక్టు ముంపు పేరిట ఖమ్మం జిల్లాలోని ఏడు మండలాలను, కొన్నింటిని పూర్తిగా, కొన్నింటిని కొంతమేర, ఆంధ్రప్రదేశ్‌లో కలిపారు. కూనవరం, చింతూరు, వరరామచంద్రాపురం, కుక్కునూరు, వేలేరుపాడు అలా వెళ్లినవే. వీటి కోసం క్లాసును మారిస్తే అందరి రాష్ట్రమూ మారిపోతుంది. చింతూరు ఆబ్జెక్టుకు మాత్రమే సొంతంగా రాష్ట్రం లక్షణం పెట్టాలి. సొంత పట్టికలో పేరు ఉన్నందువల్ల పైథాన్ క్లాసు దాకా పోదు. ఆంధ్రప్రదేశ్ అని జవాబు వస్తుంది. మిగతా మండలాలు ఎప్పటిలాగే ఉంటాయి. అందరికీ వర్తించే మాట ఒకచోట, కొందరికి వర్తించే మినహాయింపు ఇంకోచోట. ప్రభుత్వ ఉత్తర్వుల్లో ఉండే క్రమమే ఇది, పైథాన్ పట్టికల్లోనూ అదే ఉంది.

తెలుగులో పేర్లు పెట్టేవారికి రెండు చిక్కులున్నాయి. ఇంగ్లిషులో రాసేవారికి ఇవి ఎదురుకావు కాబట్టి పుస్తకాల్లో దొరకవు. కొంచెం వివరంగా చెబుతాను.

మొదటిది, పిన్‌కోడ్. ఈ మాటను టైపు చేసేటప్పుడు న్ కింద క వత్తు పడకుండా మధ్యలో కంటికి కనిపించని ఒక గుర్తు వస్తుంది. అన్ని లిపుల అక్షరాలకూ కంప్యూటరులో సంఖ్యలిచ్చే యూనికోడ్ ప్రమాణం దాన్ని వెడల్పు లేని విడదీత గుర్తుగా లెక్కిస్తుంది. పైథాన్ పేర్లలో ఈ గుర్తు చెల్లదు. దుబ్బాక తరువాత చుక్క పెట్టి పిన్‌కోడ్ అని రాస్తే ప్రోగ్రాము నడవడానికి ముందే సింటాక్స్ ఎర్రర్ వస్తుంది. కానీ ఇది పనిచేస్తుంది:

పెట్టు(దుబ్బాక, "పిన్‌కోడ్", "502108")

సెట్‌యాట్ర్ పేరును పాఠ్యంగానే తీసుకుంటుంది. అది పైథాన్ పేర్ల నియమాలకు సరిపోతుందా అని చూడదు. అందులో ఖాళీలు ఉండవచ్చు, అంకెతో మొదలుకావచ్చు, కనిపించని గుర్తు ఉండవచ్చు. కావాల్సిందల్లా అది పాఠ్యం కావడమే. పేరు స్థానంలో అంకె ఇస్తే ఒప్పుకోదు. ఇలా చేరిన లక్షణాన్ని చుక్కతో ఎప్పటికీ చదవలేం, చూడు అని అడిగితేనే వస్తుంది. సరుకు పుస్తకంలోని "రంగు దేనితో" గడి పరిస్థితీ ఇదే. ముందే పిన్_కోడ్, రంగు_దేనితో అని అడ్డగీత పెట్టి రాసుకుంటే ఈ ఇబ్బంది ఉండదు.

రెండోది ఇంతకన్నా లోతైనది. వైశాల్యం అనే మాటలో ఐత్వం ఉంది. యూనికోడ్‌లో ఈ ఐత్వాన్ని ఒకే గుర్తుగా రాయవచ్చు. లేదా ఎత్వం గుర్తు, దాని కింద పడే ఐత్వపు తోక అనే రెండు ముక్కలుగానూ రాయవచ్చు. తెర మీద రెండూ ఒకేలా ఉంటాయి. ప్రోగ్రాములో చుక్క తరువాత వచ్చే పేరును పైథాన్ చదివేటప్పుడే ఒక ప్రామాణిక రూపానికి తెస్తుంది. రెండు ముక్కలూ ఒకటవుతాయి. సెట్‌యాట్ర్‌కు పాఠ్యంగా ఇచ్చిన పేరును మాత్రం అది ముట్టుకోదు. ఎక్కడి నుంచో వచ్చిన ఫైలులో ఐత్వం రెండు ముక్కలుగా ఉంటే పట్టికలో ఆ రూపంలోనే చేరుతుంది. ఆ తరువాత దుబ్బాక.వైశాల్యం అని అడిగితే పైథాన్ లేదంటుంది. పట్టిక తెరిచి చూస్తే ఉన్నట్టే కనిపిస్తుంది. దీని మందు పైథాన్‌తోపాటే వచ్చే యూనికోడ్‌డేటా అనే మాడ్యూలులో ఉంది. బయటి నుంచి వచ్చే తెలుగు పేరును ఎన్ఎఫ్‌కేసీ అనే ప్రామాణిక రూపంలోకి మార్చాకే సెట్‌యాట్ర్‌కు ఇవ్వాలి. తెలుగు సమాచారంతో పనిచేసే ప్రతి ప్రోగ్రాములోనూ ఈ వరుస ఉండి తీరాలి.

ఇక అక్షర దోషం సంగతి. జిల్లా బదులు ఎవరైనా దుబ్బాక.జిల = "సిద్దిపేట" అని రాస్తే పైథాన్ అభ్యంతరం చెప్పదు. జిల అనే కొత్త లక్షణం చేరుతుంది. జిల్లా పాత విలువతో అలాగే ఉంటుంది. అడగకుండానే కొత్త గడి తెరిచే వెసులుబాటుకు చెల్లించే మూల్యం ఇది. దీన్ని ఆపడానికి స్లాట్స్ అనే ఏర్పాటు ఉంది. క్లాసులోనే "ఈ పేర్లే, ఇంకేవీ వద్దు" అని జాబితా ఇస్తే ఆబ్జెక్టుకు ఆ పట్టికే ఉండదు, కొత్త పేరు వస్తే ఎర్రర్ వస్తుంది. పట్టిక లేనందున మెమరీ కూడా ఆదా. లక్షల కొద్దీ ఆబ్జెక్టులున్న చోట ఆ తేడా బాగా తెలుస్తుంది. పైథాన్ సొంత అంకెలు, పాఠ్యాలు మొదటి నుంచీ ఇలాంటివే. 5 అనే అంకెకు జిల్లా లక్షణం పెట్టబోతే ఒప్పుకోదు.

పేరు బయటి నుంచి వస్తుందంటే దాన్ని పంపేవాళ్ల ఉద్దేశం కూడా బయటిదే. మన మండలం క్లాసులో నివేదిక అనే పని ఉందనుకోండి. మండలం వివరాలు ముద్రిస్తుంది. ఎవరో పంపిన ఫైలులో నివేదిక అనే గడి ఉంటే సెట్‌యాట్ర్ ఆ ఆబ్జెక్టులో అదే పేరుతో మామూలు పాఠ్యాన్ని పెట్టేస్తుంది. ఇక ఆ మండలం నివేదిక అడిగిన ప్రతిసారీ ప్రోగ్రాము కూలిపోతుంది. ఇది పొరపాటున జరిగేది. కావాలని చేసేది ఇంకా ప్రమాదకరం. 2012 మార్చిలో గిట్‌హబ్ అనే ప్రసిద్ధ సంస్థ వెబ్‌సైటులో ఎగోర్ హొమకోవ్ అనే రష్యన్ యువకుడు దీన్ని చేసి చూపాడు. అక్కడ భాష రూబీ, చట్రం రైల్స్. లోపం మాత్రం ఇదే. ఫారంలో నింపి పంపిన పేర్లను ప్రోగ్రాము వడకట్టకుండా నేరుగా లక్షణాలుగా పెట్టేస్తోంది. ఫారంలో లేని ఒక పేరును అతను అదనంగా చేర్చి పంపి, అదే సైటులో ఉన్న రైల్స్ ప్రాజెక్టులోనే రాసే అధికారం సంపాదించాడు. ఆ తరువాత రైల్స్ తన పద్ధతిని మార్చుకుంది. అనుమతించిన పేర్ల జాబితా ముందుగా రాసుకుని, అందులో ఉన్నవాటినే సెట్‌యాట్ర్ దాకా రానివ్వాలి. రెండేసి అడ్డగీతలతో మొదలై ముగిసే పేర్లు పైథాన్ సొంత అవసరాలవి. వాటిని ఎట్టి పరిస్థితిలోనూ రానివ్వకూడదు.

సెట్‌యాట్ర్ గురించి నన్ను ఎక్కువగా ఆలోచింపజేసే విషయం ఇంకొకటుంది. అది విలువ మార్చగానే పాత విలువ మాయమైపోతుంది. దుబ్బాక జిల్లా సిద్దిపేట అని రాయగానే మెదక్ అన్న మాట పట్టికలో ఎక్కడా మిగలదు. కానీ లోకంలో మిగులుతుంది. 2010లో దుబ్బాకలో పుట్టిన బిడ్డ జనన ధ్రువపత్రంలో మెదక్ జిల్లా అనే ఉంటుంది. ఏపీ 23 పలకతో తిరిగే బండి ఇప్పటికీ ఏపీ 23 బండే. బండి నంబరును మండలం జిల్లా నుంచి అప్పటికప్పుడు లెక్కగట్టేలా ప్రోగ్రాము రాస్తే, జిల్లా మారిన రోజున రోడ్డు మీద ఉన్న బండ్లన్నిటి నంబర్లూ కంప్యూటరులో తప్పుతాయి. నమోదు రోజున ఉన్న విలువను ఆ రోజే బండి ఆబ్జెక్టులో స్థిరంగా రాసి ఉంచాలి.

ఇంకో ఉదాహరణ చూడండి. 2021 ఆగస్టులో వరంగల్ అర్బన్ జిల్లా హనుమకొండ అయింది, వరంగల్ రూరల్ జిల్లా వరంగల్ అయింది. 2015 నాటి ఫైలులో వరంగల్ అంటే ఉమ్మడి జిల్లా. చేర్యాల అందులో ఉండేది. ఇప్పటి ఫైలులో వరంగల్ వేరు, చేర్యాల సిద్దిపేటలో ఉంది. మాట ఒకటే, అది చూపే నేల వేరు. తేదీ లేని విలువ సగం సమాచారమే.

పైథాన్‌లో దీనికీ దారి ఉంది. చుక్కతో పెట్టినా, సెట్‌యాట్ర్‌తో పెట్టినా ప్రతి లక్షణమూ ఒకే గుమ్మం గుండా లోపలికి వెళ్తుంది. ఆ గుమ్మం పేరూ సెట్‌యాట్రే, ముందూ వెనకా రెండేసి అడ్డగీతలతో. మన క్లాసులో దాన్ని తిరగరాసి, కొత్త విలువ వచ్చినప్పుడల్లా పాత విలువను తేదీతో సహా చరిత్ర అనే లిస్టులో చేర్చేలా చేయవచ్చు. పేర్ల జాబితాతో సరిచూడటం, ఐత్వాన్ని ప్రామాణిక రూపానికి తేవడం కూడా అక్కడే చేయవచ్చు. ఒక్క జాగ్రత్త అవసరం. ఆ గుమ్మం లోపల మళ్లీ చుక్కతో లక్షణం పెడితే అది తిరిగి అదే గుమ్మానికి వస్తుంది, మళ్లీ పెడుతుంది, మళ్లీ వస్తుంది. ఇలా దాదాపు వెయ్యి మలుపుల తరువాత పైథాన్ రికర్షన్ ఎర్రర్ అని ఆపేస్తుంది. అందుకని అసలు పెట్టే పనిని పైథాన్ మూల క్లాసుకే అప్పగించాలి.

ఊళ్ల సమాచారంతో పనిచేసేవారిని ఒక్కటి కోరుతున్నాను. పాత విలువను తుడిచి కొత్తది రాయకండి, తేదీ వేసి పక్కన ఉంచండి. సాధన కావాలంటే మీ సొంత ఊరినే తీసుకుని దాని చరిత్ర లిస్టు నింపండి. దుబ్బాకకైతే రాష్ట్రం లక్షణంలో మూడు విలువలు వస్తాయి: 1956 అక్టోబరు 31 దాకా హైదరాబాద్, 2014 జూన్ 1 దాకా ఆంధ్రప్రదేశ్, ఆ తరువాత తెలంగాణ. మండలం అనే లక్షణాన్ని 1985కు వెనక్కి తీసుకుపోకండి. మండలాలు పుట్టిందే ఆ ఏడాది. అంతకు ముందు మీ ఊరికి ఉండాల్సిన లక్షణం తాలూకా.